పాలకోడు నుంచి ఛేంజోవర్ వచ్చేదాకా

మా అత్తగారు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చినప్పుడు ఆమెతోపాటు ఒక ఆక్సిజన్ మిషను కూడా వచ్చింది. అది కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే ఆదుకోవడానికి ఒక చిన్న సిలిండరు ఇచ్చారు గానీ, అది గంటకు మించి రాదు. తమిళనాడులోని మా ధర్మపురిలో నెలకొక రోజు లైన్ల పని కోసం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా కరెంటు ఆపేస్తారు. ఇన్నాళ్ళూ ఆ రోజును నేను పట్టించుకోలేదు, పాత చీరలు మడతలు మార్చుకుంటూ గడిపేదాన్ని. ఇప్పుడు ఆ రోజు తలుచుకుంటేనే గుండెల్లో రాయి పడేది. మా ఆయనకు హోసూరులో ఉద్యోగం, వారానికొకసారి వస్తాడు. ఫోనులోనే మాట్లాడుకొని ఒక జనరేటరు కొన్నాం.

దాన్ని ఇంటికి కలపడానికి మనిషి కోసం వెతికితే పిక్కిలి ఊరి వైపు ఎలక్ట్రీషియన్ ఒకాయన దొరికాడు. నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళింట్లో తెలుగే మాట్లాడతారట. నేను మదనపల్లె నుంచి కోడలిగా వచ్చినదాన్ని. తమిళంలో కూరగాయలు బేరమాడగలను గానీ పోట్లాడలేను. అందుకని ఆయన "అక్కా" అని తెలుగులో పలకరించగానే సగం పని అయిపోయినంత సంతోషపడ్డాను. ఆయనకు తెలుగు రాయడం రాదు. కావాల్సిన సామాన్లు తమిళంలో రాసిచ్చి, షట్‌డౌన్ రోజు పొద్దున్నే వచ్చి కలిపిస్తానన్నాడు. అంతకు ముందు ఆయనకు తీరిక లేదు.

అంగట్లో అన్నీ దొరికాయి, ఛేంజోవర్ ఒక్కటి తప్ప. లైన్ల మీద వచ్చే బోర్డు కరెంటు, జనరేటరు కరెంటు, ఈ రెండింటిలో ఒకసారికి ఒకదాన్నే ఇంట్లోకి రానిచ్చే పెద్ద స్విచ్చు అది. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. రెండు రోజులాగితే తెప్పిస్తానన్నాడు అంగడాయన. అక్కడి నుంచే ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేసి, "ఛేంజోవర్ అవసరమా తమ్ముడూ?" అని అడిగాను.

"అవసరం లేదక్కా" అన్నాడు.

ఇంకేం, వద్దని చెప్పి వచ్చేశాను.

షట్‌డౌన్ రోజు ఏడున్నరకే వచ్చి, సామాన్లన్నీ చూసి ఛేంజోవర్ ఎక్కడ అన్నాడు. నువ్వే కదా అవసరం లేదన్నావు అన్నాను. ఆయన నవ్వాడు. తమిళంలో అవసరం అంటే తొందర. ఇక్కడి తెలుగు వాళ్ళకూ అంతే. తొందరేమీ లేదు, షట్‌డౌన్ లోపల మెల్లిగా తెప్పించమని ఆయన చెప్పాడు, అక్కర్లేదని నేను విన్నాను. ఇన్నేళ్ళు ఇక్కడ కాపురం చేసి ఆ మాత్రం తెలియదా అంటే, తెలుసు. కానీ ఎదుటి మనిషి తెలుగులో మాట్లాడేసరికి నా చెవి మదనపల్లెకు వెళ్ళిపోయింది.

నాకు నవ్వు రాలేదు. తప్పు నాదైనా కోపం ఆయన మీదే చూపించాను. పక్కింటావిడ ఇచ్చిన వైరు తెచ్చి ఆయన ముందు పడేశాను. దానికి రెండు కొసల్లోనూ ప్లగ్గులున్నాయి. ఒకటి జనరేటరుకు, ఒకటి గోడ సాకెట్‌కు పెడితే ఇల్లంతా వెలుగుతుందని, వాళ్ళు అలాగే చేస్తారని చెప్పాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు, వీధిలోని కరెంటు స్తంభం వైపు చెయ్యి చూపించాడు.

"ఈ పొద్దు కంబం మీద మనిషి ఉంటాడక్కా. మనం పెట్టిన కరెంటు లైన్లోకి ఎదురు పోయి ఆయప్పను పట్టుకుంటాది."

మెయిన్ స్విచ్చు ఆపేసి పెడితే సరిపోదా అని వాదించాను. మరిచిపోతే ఏం చేస్తారని అడిగాడు. నేనేమైనా చిన్నపిల్లనా అని కస్సుమన్నాను.

ఆయన పని మొదలుపెట్టాడు. జనరేటరును పొగ లోపలికి రానంత దూరంగా పెరట్లో పెట్టి, అక్కడి నుంచి ఒక విడి వైరును కిటికీ గుండా అత్తగారి గదిలోకి లాగి సాకెట్లున్న జంక్షన్ బాక్సు తగిలించాడు. ఆ వైరుకూ ఇంటి వైరింగుకూ సంబంధం లేదు. తొమ్మిదికి కరెంటు పోయింది. జనరేటరు గుర్రుమంది, మిషను నడిచింది, అత్తగారు కళ్ళతోనే బాగుందని చెప్పింది. పక్క ఊరు పాలకోడులో తనకు తెలిసిన అంగట్లో ఛేంజోవర్ ఉందట, తెస్తానని బండి తీశాడు. పోతూ పోతూ ఆ రెండు ప్లగ్గుల వైరును చుట్టి తన సంచిలో వేసుకున్నాడు. నన్ను నమ్మలేదని నాకు ఒళ్ళు మండింది.

పదకొండు దాటాక మిషను కూతపెట్టి ఆగిపోయింది. అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. సిలిండరు తగిలించాను గానీ, దాని మీటరు ముల్లు అప్పుడే దిగుతున్నట్టు అనిపించింది. పెరట్లో జనరేటరు నడుస్తూనే ఉంది. ఆయన లాగిన వైరు పాడైందనుకొని, ఆ రెండు ప్లగ్గుల వైరు కోసం వంటగది, వరండా అన్నీ వెతికాను. ఆయన తీసుకుపోయాడని గుర్తొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాను. ఇక గత్యంతరం లేక జంక్షన్ బాక్సు దగ్గర కూర్చొని చూస్తే, మిషను ప్లగ్గు వదులై పక్కకు వాలి ఉంది. తీసి ఇంకో కన్నంలో గట్టిగా నొక్కాను. మిషను మళ్ళీ నడిచింది. అత్తగారి గుండె మీద చెయ్యి వేసి, అది పైకీ కిందికీ కదలడం చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు గేటు దగ్గర ఎవరో పిలిచారు. మా వీధి చివర స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మేన్, తాగడానికి నీళ్ళు కావాలని తమిళంలో అడిగాడు. చెంబు తెచ్చి ఇచ్చాను. ఆయన తాగుతుంటే ఆ స్తంభం వైపు చూశాను. వైరు దొరికి ఉంటే పెట్టేసేదాన్నే. మెయిన్ ఆపాలన్న సంగతి ఆ కాసేపట్లో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

అంతలో ఎలక్ట్రీషియన్ ఛేంజోవర్ పట్టుకొని బండి దిగాడు. జరిగినదంతా దాచకుండా చెప్పాను. పొద్దున అన్న మాటలకు క్షమించమన్నాను. ఆయన మేలు ఈ జన్మకు మరవనన్నాను.

"తెలుసక్కా" అన్నాడు. "అత్తకు ఊపిరాడకపోతే ఎవురికి మాత్రం మెయిన్ గుర్తుకొస్తాది? అందుకే ఆ వైరు ఎత్తుకోని పోయినా."

లైన్‌మేన్‌కు మా తెలుగు అర్థం కాలేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయమ్మా అని తమిళంలో చెప్పి, చెంబు నా చేతికిచ్చి, మళ్ళీ స్తంభం ఎక్కడానికి వెళ్ళాడు.