అర్థమైనవాళ్ళు చేతులెత్తండి

రామకాంత్ మాష్టారి రాజకీయ పాఠం ఎప్పుడూ ఒకే మాటతో ముగిసేది: "అర్థమైనవాళ్ళు చేతులెత్తండి." ప్రత్తిపాడు చుట్టుపక్కల మిరప కల్లాల్లో, రంగుపోయిన తాలుకాయలు ఏరే ఆడకూలీల మధ్య పీట వేసుకుని, ఇరవై ఏళ్ళుగా ఆయన పార్టీ తరగతులు చెప్పాడు. అర్థమైనా కాకపోయినా అందరూ చేతులెత్తేవాళ్ళు. ఎత్తకపోతే మళ్ళీ మొదట్నుంచి చెబుతాడు. ఆ ఘాటులో తుమ్ముకుంటూ రెండోసారి వినే ఓపిక ఎవరికుంది?

ఆయనకు మహా ఇష్టమైన పాఠం ఒకటుంది. ఐదువందల ఏళ్ళ కిందట ఇటలీలో కొలువు పోగొట్టుకున్న ఒక ఉద్యోగి, రాజు మంచివాడా చెడ్డవాడా అన్న గొడవ పక్కనపెట్టి, అధికారం ఎలా చేతికొస్తుంది, ఎలా నిలుస్తుంది అని మాత్రమే అడిగాడు. నాలుగు శతాబ్దాలు గడిచాక అదే దేశంలో జైలుపాలైన ఒక కమ్యూనిస్టు ఆ రాతలు తిరగేసి, ఈ కాలపు రాజు మనిషి కాదు, పార్టీ అన్నాడు. కర్ర ఒక్కటే చాలదు, జనం తమంతట తాము ఒప్పుకోవాలన్నాడు.

"దెబ్బ కొడితే ఒక్కరోజు వింటారు. ఒప్పిస్తే జన్మంతా వింటారు," అనేవాడు మాష్టారు.

"మా ఆయనకి మొదటిదే తెలుసండీ," అంది ఓసారి కూలీల్లోంచి సుబ్బరావమ్మ. కల్లమంతా నవ్వింది.

ఆ సుబ్బరావమ్మే తర్వాత ముందు నిలబడి, ఊరి చివర బంజరులో నలభై గుడిసెలు వేయించింది. జెండా పాతింది మాష్టారు. ఐదేళ్ళు ఎవరూ కదిలించలేకపోయారు.

2004 ఫిబ్రవరిలో జిల్లా కమిటీ నుంచి కోటేష్ వచ్చాడు. హైస్కూల్లో చదివేటప్పుడు మాష్టారి తరగతుల్లో కూర్చున్నవాడే. ఎన్నికల పొత్తు కుదిరింది. మిత్రపక్షం అభ్యర్థికి ఆ బంజరు పక్కనే కోల్డు స్టోరేజి ఉంది, దాన్ని పెంచుకోవాలి. నామినేషన్లలోగా గుడిసెలు ఖాళీ కావాలి.

"ఇది మోసంరా కోటేషూ."

"మంచీ చెడ్డా పక్కనపెట్టి ఆలోచించమన్నది మీరే కదండీ? పోలీసుల్ని పంపటం ఎంతసేపు? కర్ర వద్దనే మీ దగ్గరకొచ్చాం. మీరు చెబితే ఒప్పుకుంటారు."

మాష్టారు ఇరవై ఏళ్ళు అధికారం ఎలా నిలుస్తుందో చెప్పాడు గానీ, ఎవరి మీద నిలుస్తుందో ఒక్కరోజూ అడగలేదు.

కమిటీలో ఆయన ఒక్కడే వ్యతిరేకించాడు. లోపల ఎంతైనా వాదించుకోవచ్చు, నిర్ణయమయ్యాక బయట అందరిదీ ఒకే మాట. అదీ నియమం. రాజీనామా ఇవ్వొచ్చుగా అంటారు క్రమశిక్షణ మీద వ్యాసాలు రాసేవాళ్ళు. ఆయన పడుకునేది పార్టీ ఆఫీసు గదిలో, తినేది కార్యకర్తల ఇళ్ళల్లో, పిలిస్తే పలికేవాళ్ళంతా ఆ జెండా కిందే. ఆ గదికి గొళ్ళెం అక్కర్లేదు. బయట ఏమీ లేకపోతే తలుపు తెరిచున్నా ఒకటే.

ఒక్క దారి తట్టింది. "గుడిసెలవాళ్ళనే అడుగుదాం. వాళ్ళు కాదంటే వదిలెయ్యాలి," అన్నాడు. కోటేష్ వెంటనే సరేనన్నాడు. అంత తేలిగ్గా ఎందుకన్నాడో మాష్టారు ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున్నే గుడిసెల ముందు నిలబడి, గుడిసెలు తీసెయ్యాలన్న పార్టీ నిర్ణయాన్ని కావాలనే చెడగొట్టి చెప్పాడు. కారణాలు చెప్పలేదు. మధ్యమధ్య ఆగిపోయాడు. జన్మలో ఇంత పేలవంగా మాట్లాడలేదు. ఎవరైనా తిట్టిపోస్తారని ఎదురుచూశాడు.

సుబ్బరావమ్మ లేచింది. "ఇది మీ మాటేనా మాష్టారూ?"

కాదు అంటే చాలు. పక్కన కోటేష్ మినిట్సు పుస్తకం తెరిచి కూర్చున్నాడు.

"పార్టీ మాటే నా మాటమ్మా," అంది ఆయన నోరు, అలవాటుకొద్దీ. "ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

మాట పూర్తికాకముందే చేతులు లేచాయి. కారంతో ఎర్రబారిన వేళ్ళు, ముందు వరస, వెనక వరస. సుబ్బరావమ్మది ఆఖరున లేచింది.

"కాదన్నవాళ్ళు?" మాష్టారి గొంతు బతిమాలుతున్నట్టుంది.

ఒక్కటీ లేవలేదు. ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నాడు. అదీ లేవలేదు. కోటేష్ "ఏకగ్రీవం" అని రాసుకున్నాడు.

జనం చెదిరాక మాష్టారు సుబ్బరావమ్మ వెనకే వెళ్ళాడు. "ఎందుకు ఒప్పుకున్నావమ్మా? నీకసలు అర్థమైందా?"

"ఎప్పుడు అర్థమైంది గనకండీ? మీరు ఎత్తమంటే ఎత్తుతాం." ఆమె నిచ్చెన ఎక్కి తన గుడిసె మీది తాటాకు కట్లు కోయటం మొదలుపెట్టింది. "కాదనమన్న పాఠం మీరెప్పుడూ చెప్పలేదుగా. ఊరికే నిలబడే బదులు ఆ మూల గుంజ పట్టుకోండి, నా మీద పడుద్ది."

ఆయన రెండు చేతులా గుంజ పట్టుకున్నాడు. ఒక్కో కట్టూ తెగేకొద్దీ పైకప్పు బరువంతా గుంజ మీదికి జరుగుతోంది. దూరం నుంచి కోటేష్ పిలుస్తున్నాడు, "మాష్టారూ, సంతకం!" వదిలితే సుబ్బరావమ్మ మీద పడుతుంది. వదలకపోతే ఆమె ఇల్లు కూల్చటానికి సాయపడేది తన చేతులే.

ఆయన పట్టుకునే నిలబడ్డాడు.