లచ్చన్న నాదూర్

లచ్చన్న ఒమన్ దేశపు రుస్తాఖ్‌లో అర్బాబు సైఫ్ దగ్గర డ్రైవరు; అర్బాబు అంటే అక్కడ యజమాని. జగిత్యాల అవతలి పల్లె నుంచి వచ్చి, మొదట అర్బాబు ఖర్జూరపు తోటలో నీళ్లు కట్టాడు. ఆ ఎండకు మనిషే కాదు, నీడ కూడా చెమట కార్చేదని అతను చెబుతాడు. పికప్ తాళం చేతికి వచ్చాక పారను మళ్లీ ముట్టలేదు.

వచ్చిన కొత్తలో అతనికి అరబ్బీలో ‘వేన్’ అంటే ‘ఎక్కడ’ అన్న ఒక్క ముక్కే తెలుసు. ఒకరోజు అర్బాబు తుపాకి తుడుస్తూ, “వేన్ నాదూర్?” అన్నాడు. నాదూర్ అంటే ‘నాది ఊరు’ అనుకుని లచ్చన్న పొంగిపోయాడు.

“జగిత్యాల అవుతల బాబా, రైస్ మిల్లు పక్కపొంటి!” అని తూర్పుకు చెయ్యి చాపాడు.

పాపం అర్బాబు తూర్పు గోడంతా వెతికాడు. అరబ్బీలో నాదూర్ అంటే దుర్భిణి, తుపాకి మీద బిగించి గురి చూసేది.

అర్బాబు మస్కట్‌లో జరిగే గురి పోటీలకు వెళ్తాడు. ఇంటి దగ్గర చుక్క మీద తగిలే గుండు, పోటీ మైదానం చేరేసరికి పక్కకు పోతోంది. ఆ చలికాలం మళ్లీ ఓడి వచ్చి, కోపమంతా డ్రైవరు మీద చూపాడు.

“లచ్చన్, తుమారా డ్రైవింగ్ ఖరాబ్. నాదూర్ హిల్తా. నయా నాదూర్ భీ హిలా, తో తుమ్ మజ్రా జావ్!”

మజ్రా అంటే తోట. కొత్త దుర్భిణి కూడా కదిలిందంటే మళ్లీ పారే.

తుపాకి సామాన్లమ్మే దుకాణదారు అర్బాబుకు చుట్టం. రెండు దుర్భిణులిచ్చి, నచ్చింది ఉంచుకొమ్మన్నాడు. ఒకటి పొడుగ్గా, తళతళలాడుతూ, చందమామ మీది మచ్చలు చేతికందేంత దగ్గరగా చూపిస్తుంది. రెండోది పొట్టిది, మందం గొట్టం, బరువు; అంత దగ్గరగా చూపించదు. అర్బాబు మనసు మెరిసేదాని మీదే ఉంది. అయినా ఒక్కోదాన్నీ తుపాకికి బిగించి, కాగితం మీద కాల్చి, ఎండిన వాగు దారిలో పికప్‌లో తిప్పి తెచ్చి, మళ్లీ కాల్చి చూడాలనుకున్నాడు.

సాయంత్రం రూమ్‌లో ఈ సంగతి విని, కట్టడం పని నుంచి వచ్చిన రూమ్మేటు నర్సింగ్ పడీ పడీ నవ్వాడు.

“గుంతలు నీకు కనవడయా లచ్చన్నా, లేకుంటె గుంతలే నిన్ను జూసి అడ్డమొస్తయా?”

“నవ్వకురా. రేపు పరీక్ష దుర్భిణికి గాదు, నాకు.”

“గట్లయితే మెల్లగ తోలు. పెండ్లిపిల్లను తీస్కపోయినట్టు.”

“మెల్లగ తోల్తె గా తళతళలాడేదే నిలవడ్తది. అర్బాబు గదే కొంటడు. పోటీకి పోయేటప్పుడు మస్కట్ తొవ్వల అది కదులుతది, పార నా చేతికొస్తది.”

“మరేం జేస్తవ్?”

“ఎంత అధ్వానంగ తోలొచ్చో అంత అధ్వానంగ తోల్త.”

మర్నాడు మొదట మెరిసేదాన్ని బిగించారు. వాగులో లచ్చన్న ఒక్క గుంతనూ వదల్లేదు. ఒక గుంతలో పడ్డప్పుడు డాష్‌బోర్డు మీది ఖర్జూరాల్లోంచి గింజలు వాటంతట అవే ఊడి పడ్డాయట. అర్బాబు తుపాకిని పసిబిడ్డలా వాటేసుకుని అరిచాడు.

“నాదూర్! నాదూర్!”

“నాదూరా బాబా? జగిత్యాల! రైస్ మిల్లు!” అంటూ లచ్చన్న ఇంకాస్త తొక్కాడు.

తిరిగొచ్చి కాలిస్తే గుండు చుక్కకు జానెడు ఎడమకు పోయింది. తర్వాత పొట్టిదాని వంతు. అవే గుంతలు, అదే డ్రైవరు. గుండు మాత్రం చుక్క మీదే తగిలింది. అర్బాబు ఆ చిల్లులో వేలు పెట్టి చూసుకున్నాడు. పొట్టిదే ఖాయమన్నాడు.

మెరిసేదాన్ని తిరిగి ఇవ్వడానికి దుకాణానికి బయలుదేరారు. వాగులో అంత అధ్వానంగా తోలినందుకు లచ్చన్న ధ్యాసంతా ఇంకా పార మీదే ఉంది. దుకాణం ముందు బండి ఆగగానే అర్బాబు కిటికీలోంచి బయటికి చూస్తూ నెమ్మదిగా అడిగాడు.

“లచ్చన్, వేన్ నాదూర్?”

లచ్చన్న సీటు వెనక నుంచి దుర్భిణి పెట్టె తీసి అతని ఒళ్లో పెట్టాడు. పెట్టాక, నాదూర్ అంటే ఏమిటో తెలుసని బయటపడిపోయిందని నాలుక కరుచుకున్నాడు.

అర్బాబు పెట్టెను చూశాడు, లచ్చన్నను చూశాడు.

“మాషా అల్లా! జగిత్యాల ఇత్నా ఛోటా?”

బండి ఊగేలా నవ్వి, కళ్లు తుడుచుకుని, వేలు ఆడించాడు.

“జుమా కో మస్కట్. తుమ్ చలావ్. లేకిన్ శ్వయ్య, శ్వయ్య!”

జుమా అంటే శుక్రవారం, శ్వయ్య అంటే మెల్లగా. అక్కణ్నుంచి ఇంటిదాకా లచ్చన్న ఎంత మెల్లగా తోలాడంటే, వెనక వస్తున్న గాడిద విసుగెత్తి హారన్ కొట్టిందట.