పటేల్ కారు ఎడమ కమాను

దయ్యాల మాటెత్తితే నాకు ఒళ్లు మంట. నమ్మేవాళ్లతో ఎన్నిసార్లు కొట్లాడానో లెక్కలేదు. బండి మొరాయించిందంటే దానికో కారణం ఉంటుంది, పానా పట్టుకుని వెతికితే అది దొరుకుతుంది. ఇప్పటికీ అదే అంటాను. ఈ ఒక్క కారు సంగతి వేరు.

అరవైల మొదట్లో కల్వకుర్తిలో మెకానిక్ షాపు పెట్టాను. మూడు నెలలైనా లారీవాళ్లు నా వైపు చూడలేదు. అప్పుడొచ్చింది పక్క ఊరి నర్సింహ పటేల్ గారి పాత విలాయతి కారు. వెనక ఎడమ పక్క కుంగిపోయి, గుంత వస్తే చాలు చక్రం మడ్‌గార్డుకు రాసుకుంటోంది. పట్నంలో ఇద్దరు మేస్త్రీలు చేతులెత్తేశారట. నాకైతే సంతోషం పట్టలేదు. ఇది బాగుచేస్తే షాపు నిలబడుతుంది, లేదంటే తాళం వేసుకుని ఊరికి పోవడమే.

మడ్‌గార్డు నుంచి ఇరుసు దాకా దారంతో కొలిచి ముడేశాను. కుడి కన్నా ఎడమ రెండు వేళ్ల మందం తక్కువ. చక్రం మీద బండి బరువు మోసే కమాను ఉక్కు పట్టీలన్నీ విప్పాను, ఒక్కటీ విరగలేదు. బుష్‌లు మార్చాను. చక్రాల్లో గాలి సమానంగానే ఉంది. చివరికి ఎడమ కమాను కుడికి, కుడిది ఎడమకు బిగించాను. లోపం కమానుదైతే ఇప్పుడు కుడి పక్క వంగాలి కదా. జాకీ దించితే మళ్లీ ఎడమే వంగింది, సరిగ్గా రెండు వేళ్లు.

ఖాళీ బండి, లోపల ఎవరో కూర్చున్నట్టు ఒరిగింది. గుండె దడదడలాడింది. భయంతో కాదు, ఇలాంటి లోపం నా చేతికి దొరికిందన్న ఉత్సాహంతో.

"ఎప్పటిసంది గిట్లున్నది యాదన్నా?" అని డ్రైవర్ యాదయ్యను అడిగాను.

"పెద్దవ్వ పోయినప్పటిసంది మేస్త్రీ. రెండు నెలలాయె."

పటేల్ గారి తల్లి పట్నం దవాఖానలో చనిపోయింది. దహనం అక్కడే చేశారు. బయట పోయిన మనిషిని ఇంటికి పిలుచుకు రావడం వాళ్ల ఇంటి ఆనవాయితీ. ఆమె చీర వెనక సీట్లో ఎడమ పక్క పెట్టి, "పా అవ్వా, ఇంటికి పోదాం" అని పిలిచారు. ఇల్లు చేరాక దిగమని కూడా చెప్పాలి. వాకిట్లో చుట్టాల ఏడుపుల మధ్య చీర తీసుకెళ్లారు గానీ, దిగమని ఎవరూ అనలేదు.

"కమాను ఖరాబైతే అవ్వ మీద పెడ్తరా?" అని కసిరాను. అయినా మర్నాడు పొద్దున్నే దారం జేబులో వేసుకుని, ఆ కారులోనే వాళ్ల ఊరికి పోయాను. దారంతా గుంతలే. వాకిట్లో ఆగాక కొలిచాను. అదే రెండు వేళ్లు.

అవ్వను దిగమని ఎవరూ అనలేదని యాదయ్య పటేల్ గారికి చెప్పాడు. ఆయన వచ్చి వెనక ఎడమ తలుపు తెరిచారు.

"అవ్వా, ఇల్లొచ్చింది. దిగు. నిన్ను బండ్లనే మరిసిన, తప్పయింది," అన్నారు.

కమాను కిర్రుమంది. నా కళ్ల ముందే ఎడమ పక్క లేచింది. గబగబా ఒంగి దారం పెట్టాను. రెండు పక్కలా సమానం. నమ్మకం కుదరక మళ్లీ పెట్టాను. మళ్లీ సమానమే.

బిగించిన పట్టీలు ఆలస్యంగా కుదురుకున్నాయని చెప్పుకుందామంటే, అన్ని గుంతల్లో కుదురుకోనివి నిలబడ్డ బండిలో ఎట్లా కుదురుకున్నాయి?

వారం తిరక్కుండా లారీలు నా షాపు ముందు వరస కట్టాయి. కమాన్ల పనిలో నన్ను మించినవాడు లేడని పేరొచ్చింది. ఆ పేరు మీదే పిల్లల్ని పెంచాను, ఇల్లు కట్టాను. ఆ కారును బాగుచేసింది మాత్రం నేను కాదు. నేను కొలిచానంతే.