శుక్రవారం గడప దాటకూడదట

పంచాంగం మీద నాకు పగేమీ లేదు. హిందూపురం క్యాలెండరును ఐర్లండ్‌లో ఫ్రిజ్ మీద అంటించుకుని, దాన్ని నా మీదికి ఉసిగొల్పిన మనిషి మీద మాత్రం ఉంది. ఇప్పటికీ ఉంది. చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

మాది ధర్మవరం. నాయన గుంత మగ్గం మీద పట్టు చీరలు నేస్తాడు. పట్టు, జరీ, మగ్గానికి ఎక్కించే పడుగు దారం అన్నీ హిందూపురం సావుకారు ఇస్తాడు. నేసిన చీర మళ్ళీ ఆయన కొట్టుకే పోతుంది. ఆయన ఇచ్చినంత కాలం మా ఇంట్లో మగ్గం ఆడుతుంది, ఇవ్వకపోతే ఆగుతుంది. ఇదేమంత రహస్యం కాదు, మా వీధిలో సగం ఇళ్ళ కథ ఇదే. నేను డిగ్రీ కూడా ఆ హిందూపురంలోనే చదివాను, రోజూ ప్యాసింజరు బండిలో పోయి వస్తూ. తర్వాత ఐర్లండ్‌లో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీకి స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ సంగతి తెలిసి సావుకారు నాయనను కొట్టుకు పిలిపించాడు.

"మా కూతురు ఆడే ఉండాది కదప్పా. నీ బిడ్డను వాళ్ళింట్లోనే దిగమను. మనమేమన్నా పరాయోళ్ళమా?"

నాయన మొహం చూడాలి ఆ రోజు, వెలిగిపోయింది. నాకు హాస్టల్లో గది అప్పటికే ఖాయమైంది. ఆదివారం దిగుతాను, సోమవారం తాళం తీసుకుంటాను, ఒక్క రాత్రి ముచ్చట. శుక్రవారం మధ్యాహ్నంలోగా తాళం తీసుకోకపోతే ఆ గది వరుసలో ఉన్న తర్వాతి వాళ్ళకు పోతుందని హాస్టలు వాళ్ళు మెయిల్లో రాశారు. అంత దూరం ఎందుకు వస్తుందిలే అనుకున్నాను.

విమానం ఎక్కించడానికి నాయన బెంగుళూరు దాకా వచ్చాడు. బండి పెనుకొండ దాటాక కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాడు: "ఆయమ్మ మాట కాదనొద్దు మే. మన మగ్గం వాళ్ళ చేతిలో ఉండాది."

సరే నాయనా అన్నాను. ఆ ఒక్క మాట నా నోటికి తాళం వేసింది.

సావుకారు కూతురు నాకంటే పదేళ్ళు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. పెద్ద ఉద్యోగం, పెద్ద ఇల్లు, రెండేళ్ళ పాప, ఒక మొగుడు. ఆ మొగుడు, అంటే నాకు బావ, ఎప్పుడు చూసినా తేలు కుట్టిన దొంగలాగా ఫోన్లో తల దూర్చుకుని ఉండేవాడు. ఆదివారం నేను దిగగానే అక్క బాగానే నవ్వింది, అన్నం పెట్టింది, పాపను నా ఒళ్ళో కూర్చోబెట్టింది. ఆ కూర్చోబెట్టడం కూర్చోబెట్టడమే, మళ్ళీ తీసుకోలేదు.

సోమవారం పొద్దున పెట్టె పట్టుకుని హాల్లోకి వచ్చాను. "రాహుకాలం పోనీ మే" అంది. ఆ రాహుకాలం హిందూపురం క్యాలెండర్లోది. హిందూపురంలో అది ముగిసేసరికి ఐర్లండ్‌లో కోడి కూడా కూయదు. ఆ మాటే చెప్పాను. "నీకేం తెలుసు, గమ్మునుండు" అంది. రాహుకాలం తర్వాత యమగండం వచ్చింది, యమగండం తర్వాత వర్జ్యం వచ్చింది, వర్జ్యం పోయాక పాపను నిద్రపుచ్చమంది. పాప లేచేసరికి హాస్టలు ఆఫీసు మూసేశారు.

మంగళవారం అడిగితే, "మంగళారం ఎవురన్నా కొత్త ఇంటికి పోతారా? మీ అమ్మ ఏం నేర్పించింది నీకు?" అంది. మా అమ్మ పేరెత్తగానే నాకు ఒళ్ళు మండింది. మగ్గం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆ రోజు బియ్యం కడిగాను, గిన్నెలు తోమాను, పాపకు నీళ్ళు పోశాను, ముడ్డి కడిగాను. పాపదేం తప్పు లేదు, బంగారంలాంటి పిల్ల. అన్నం పెడితే నా వేళ్ళు కూడా నాకేది. కానీ నేను సముద్రాలు దాటి వచ్చింది ఎమ్మెస్సీ చదవడానికి. రామేశ్వరం పోయినా శనేశ్వరం తప్పలేదని ఊరికే అన్నారా పెద్దలు!

బుధవారం అష్టమి. అష్టమి నాడు పెట్టె కదిలించకూడదట, సరే. క్లాసుకు పోవచ్చు కదా! ఆ పొద్దున మాకు ల్యాబులో భద్రత గురించి శిక్షణ ఉంది. దానికి రానివాళ్ళు మళ్ళీ శిక్షణ పెట్టేదాకా ల్యాబులో అడుగు పెట్టడానికి లేదు. ఆ సంగతి అక్కకు ముందు రోజే చెప్పాను. "పో మే, నేనేమన్నా వద్దంటినా? అర గంటలో వచ్చేస్తా, పాపను చూస్తాండు" అని కారు తాళాలు తీసుకుని వెళ్ళింది. ఆఫీసుకు! అష్టమి నాడు! ఫోన్ చేస్తే ఎత్తదు. బావకు చేస్తే మీటింగులో ఉన్నానని మెసేజు పెట్టాడు. రెండేళ్ళ పిల్లను ఇంట్లో వదిలి ఎట్లా పోతాను? కిటికీ దగ్గర పాపను ఎత్తుకుని నిలబడి, పోయే బస్సులన్నీ చూశాను. ఏడుపొచ్చింది. నేను ఏడిస్తే పాప కూడా ఏడ్చింది, దాన్ని ఊరుకోబెట్టడానికి నేను ఊరుకోవలసి వచ్చింది.

అక్క పొద్దుగూకాక వచ్చింది. ఒక చాక్లెట్ డబ్బా నా చేతిలో పెట్టి, "ఏమనుకోవద్దు మే, పనిలో పడిపోతి" అంది. ప్రొఫెసరు మెయిలు అప్పటికే వచ్చేసింది. మర్యాదగానే రాసింది. తర్వాతి శిక్షణ వచ్చే నెలలో ఉందట, అందాకా ల్యాబు బయటి నుంచే చదువుకోమంది.

గురువారం నవమి. అక్కకు ఆ రోజు ఇంటి నుంచే పని. నేను అడగను కూడా అడగలేదు. మధ్యాహ్నం పాపను పడుకోబెట్టి వంటింటి దాకా వచ్చేసరికి, అక్క హిందూపురంలో ఉన్న వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతూ కూరగాయలు తరుగుతోంది. రెండు చేతులూ ఖాళీ లేవు కాబట్టి ఫోను స్పీకర్లో పెట్టింది.

"పాపను చూసుకునే క్రెష్‌లో సీటు ఇంగా రెండు వారాలకంటమ్మా. అందాకా ఈ పిల్లను ఎట్లన్నా ఆపుకోవల్ల. పని బాగా చేస్తాది. మగ్గపోళ్ళ పిల్ల కదా, నోరు లేదు."

అటునుంచి వాళ్ళమ్మ: "రేపు శుక్రారం కదా, అది చెప్పు. మళ్ళ వారం అమాస ఉండాది. మద్దెలో ఏదో ఒకటి చూద్దాం లే."

తల్లీకూతుళ్ళు కలిసి నా కోసం తిథులు వెతుకుతున్నారు! నోరు లేదట నాకు! ధర్మవరం మంచినీళ్ళ కొళాయి దగ్గర మూడు బిందెలు పట్టుకోవడానికి ఎంత నోరు కావాలో ఈ సావుకారు బిడ్డకు ఏం తెలుసు? అప్పుడే లోపలికి పోయి కడిగేద్దును. మగ్గం మళ్ళీ అడ్డమొచ్చింది. నా గది పోతే నాకొక్కదానికే నష్టం, నేను నోరు తెరిస్తే ఇల్లంతా పస్తులు. పాప పక్కన పోయి పడుకున్నాను. మొహమాటానికి పోతే కడుపయిందని సామెత ఉంది కదా, దాన్ని ఎవరు కనిపెట్టారో గాని నా లాంటిదే అయ్యుంటుంది.

శుక్రవారం పొద్దున అక్క ఆఫీసుకు తయారవుతుండగానే పెట్టె తెచ్చి గడప దగ్గర పెట్టాను.

"అక్కా, ఈ రోజు తాళం తీసుకోకపోతే గది ఇంగొకరికి ఇచ్చేస్తారు. పోతాండా."

"శుక్రారం పూటనా?" అంది, బుగ్గలు నొక్కుకుంటూ. "ఆడపిల్ల శుక్రారం గడప దాటుతాదా? మా ఇంటి లచ్చిమి నీ వెంబడి రావాలనా?"

"మంగళారం వద్దంటివి. అష్టమి అంటివి, నవమి అంటివి. అష్టమి నాడు నువ్వు మటుకు ఆఫీసుకు పోతివి."

"ఆఫీసుకు పోవడం వేరు, పెట్టె ఎత్తుకొని పోవడం వేరు."

"క్రెష్‌లో సీటు వచ్చే రోజు తిథి బాగుంటాదా అక్కా?"

అక్క మొహం ఎర్రబడింది. బావ పాపను ఎత్తుకుని లోపలి గదిలోకి జారుకున్నాడు, అతనికి చేతనయింది అదొక్కటే.

"పొంచి ఇంటాండావా? ఎవురింట్లో అన్నం తిని ఎవురితో మాట్లాడతాండావ్ మే? మీ నాయన మగ్గం మీదుండే పట్టు ఎవురిది? ఈ గడప దాటు, ఆ మగ్గం ఎట్లాడుతాదో నేనూ చూస్తా."

ఐదు రోజులుగా నేను భయపడింది ఆ ఒక్క మాటకే. ఆ మాట వచ్చేసింది. విచిత్రం, వచ్చాక భయం పోయింది, వట్టి కోపం మిగిలింది. "చూసుకో పో" అన్నాను. అనేసి గడప దాటాను. లోపల పాప నన్ను పిలుస్తూ ఏడుస్తోంది. బస్సెక్కి హాస్టలుకు పోయాను.

తాళం దొరికింది. ఒక మంచం, ఒక బల్ల, గోడను చూసే కిటికీ. మంచం మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. నేను చెప్పేలోపే సావుకారు ఫోను ఇంటికి చేరిపోయింది. అమ్మ ఏడుస్తూ నాయనకు ఇచ్చింది.

"ఏం జేసినావు మే?"

మొత్తం చెప్పాను.

"ఆ బిడ్డ ముడ్డి కూడా నువ్వే కడిగినావా?"

"అవు."

"ఏమిటికి?" అని అరిచాడు. నాయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. "నేనేమన్నా నిన్ను ఆయప్పకు తాకట్టు పెట్టినానా?"

"ఆయమ్మ మాట కాదనొద్దని చెప్పింది నువ్వు కాదా?" అని నేనూ అరిచాను.

ఫోను కట్ అయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఆ తర్వాత చాలా రోజులు అమ్మే మాట్లాడింది. సావుకారు మనిషి వచ్చాడని, నేను ఫోన్లో అక్కకు తప్పయిందని చెబితే తర్వాతి పడుగు ఇస్తామన్నారని చెప్పింది. "ఒక్క మాట అనేస్తే పోతాది కదమ్మే" అని ఆశగా అడిగింది. చెబుతానని కూడా అన్నాను నేను. కోపం కోపమే, ఆకలి ఆకలే. అమ్మ గొంతు అట్లా వింటే ఎవరికైనా మెత్తబడుతుంది. అక్క నంబరు తీసి పెట్టుకుని, ఏమని మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుండగా అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. చెప్పొద్దంటున్నాడు మీ నాయన, అంది. మగ్గం మీదున్న చీర పూర్తి చేసి, కోసి, మడిచి, వాళ్ళ మనిషి చేతిలో పెట్టి, ఇంక మీ పట్టు మీరే పెట్టుకోండని చెప్పేశాడట. పొద్దున బండికి హిందూపురం పోయి బట్టల ఫ్యాక్టరీలో కూలికి చేరాడట. ఊళ్ళో ఇంకే సావుకారూ పట్టు ఇస్తానని ముందుకు రాలేదు. ఒకరితో చెడినవాడికి మిగతావాళ్ళు ఇవ్వరు, వాళ్ళలో వాళ్ళకు ఆ కట్టుబాటు ఉంది.

ఒక ఆదివారం అమ్మ వీడియో కాల్ చేసింది. ఇల్లంతా తిప్పి చూపించింది. మగ్గం కర్రలు విప్పి గోడకు ఆనించారు. కాళ్ళు దించుకుని కూర్చునే గుంతను మన్నుతో పూడ్చి పైన సిమెంటు పూశారు.

"చూడు మే, ఇల్లు ఎంత ఇశాలమైందో" అంది అమ్మ.

ఫోను అటు తిప్పితే నాయన కనిపించాడు. ఆ సిమెంటు మీద, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి ఉన్నాడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆయన్ను ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే చూశాను. తిండి కూడా అక్కడే తినేవాడు.

"బాగుండావా మే?" అన్నాడు.

"బాగుండా. కూర్చో నాయనా, నిలబడుకున్నావేం?"

నాయన ఇల్లంతా ఒకసారి చూశాడు.

"యాడ?" అన్నాడు.