అందరికీ తొమ్మిది పాయింట్ ఎనిమిదే

అఫ్జల్‌గంజ్ వెనక సందులోని ఒక ప్రైవేటు హైస్కూల్లో వెంకటనారాయణ ఫిజిక్స్ పంతులు. రోజూ జల్‌పల్లి నుంచి బస్సులు మారి వచ్చే ఈ మనిషికి లోకంలో ఉన్న ఆస్తల్లా మెట్ల కింద ఒక చీకటి గది. దాన్నే ల్యాబ్ అనేవాడు. దుకాణాల్లో అడిగి తెచ్చిన నట్లు, బోల్టులు, దారపుండలు, వాలుగా పెట్టే చెక్క, ఒక స్ప్రింగు త్రాసు. ఇంట్లో గిన్నెల స్టాండు బోల్టులు కూడా అక్కడికే చేరాయని భార్య రుక్మిణమ్మ గొడవ.

దారానికి బోల్టు కట్టి ఊపించి, ఊగడానికి పట్టే సమయాన్ని బట్టి భూమి ఆకర్షణను, అంటే ‘జీ’ విలువను, పిల్లలతోనే లెక్క కట్టించేవాడు. పుస్తకంలో 9.8 ఉంటుంది. పిల్లల్లో ఒకరికి తొమ్మిది వస్తుంది, ఒకరికి పదిన్నర. పుస్తకంలో జవాబు చూసి, అది వచ్చేలా అంకెలు వెనక నుంచి నింపించడం మన ప్రాక్టికల్స్‌కు పట్టిన పాత తెగులు. ఆ మాట వింటేనే ఆయనకు ఒళ్లు మండేది.

“ఏమొస్తే అదే రాయుండ్రి. గట్లెందుకొచ్చిందో దేవులాడుండ్రి” అనేవాడు.

ఈ ఏడు స్కూలు యజమాని ప్రహ్లాద్ కన్ను ఆ గది మీద పడింది. అక్కడ పెద్ద తెర పెట్టి ప్రయోగాలన్నీ వీడియోల్లో చూపిద్దామన్నాడు. వెంకటనారాయణ బతిమాలాడు.

“తెర మీద అందరికీ ఒక్కటే జవాబొస్తది సార్. చేతులతోటి చేస్తే తేడాలొస్తయి. ఆ తేడా దేవులాడేకాడనే పిల్లలు నేర్చుకుంటరు. ఒక్కసారొచ్చి చూడుండ్రి.”

సరే, శుక్రవారం వచ్చి చూశాకే తేలుస్తానన్నాడు ప్రహ్లాద్.

ఆ కబురు పదో తరగతికి పాకింది. పిల్లలకు అర్థమైందల్లా ఒక్కటే: లెక్క తప్పితే గది పోతుంది. సార్ పరువు నిలబెట్టాలని సాయిప్రియ అనే పిల్ల అందరినీ కూడగట్టింది.

శుక్రవారం బోల్టులు ఊగాయి. కిటికీ దగ్గరి జట్టు బోల్టు గాలికి గుండ్రంగా తిరుగుతోంది. ఇంకో జట్టుకు ముడి జారి దారం పొడుగైంది. అయినా ప్రహ్లాద్ ఎవరి కాగితం తీసినా 9.8. వెంకటనారాయణకు సంగతి అర్థమైంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

“అందరిదీ ఒక్కటే వచ్చింది గదా సార్. తేడాలేవి?” ప్రహ్లాద్ వెటకారానికి కాదు, నిజంగానే అడిగాడు. “గిదైతే తెర మీద గూడ వస్తది.”

పిల్లలు దొంగలెక్క రాశారని, అసలు అంకెలు వేరే వచ్చాయని ఒక్క మాట అంటే గది దక్కేదేమో. వెంకటనారాయణ వాళ్ల మొహాలు చూశాడు. అన్నీ వెలిగిపోతున్నాయి. తన కోసం చేసిన పనికి వాళ్లను పరాయి మనిషి ముందు దొంగల్ని చేయడానికి ఆయనకు నోరు రాలేదు.

“అవును సార్, వస్తది” అన్నాడు.

“అయితే సోమవారానికి గది ఖాళీ చేయించుండ్రి” అని ఆయన చెవిలో చెప్పి ప్రహ్లాద్ వెళ్లిపోయాడు.

సాయిప్రియ ఉరికొచ్చింది. “సార్, అందరిది కరెక్టొచ్చింది! ఇగ మన ల్యాబ్‌కు ఫికర్ లేదు గదా?”

ఆయన ఆ పిల్ల తల నిమిరాడు.

“ఏం ఫికర్ లేదు బిడ్డా. మస్తు మంచిగ చేసిండ్రు. పోయి అన్నం తినుండ్రి.”

పిల్లలు కేరింతలు కొడుతూ వెళ్లాక, ఆయన ఒక్కో దారం ముడి విప్పడం మొదలుపెట్టాడు.