టీ వద్దన్న మెకానిక్

మా ఆవిడకి వారానికి మూడుసార్లు విశాఖలో డయాలసిస్. అనకాపల్లి నుంచి వెళ్లేటప్పుడు బస్సులో ఎలాగో సర్దుకుంటుంది. తిరిగొచ్చేటప్పుడే ప్రాణం తోడేసినట్టవుతుంది. నిలబడలేదు, సీటు దొరికినా కుదురుగా కూర్చోలేదు. అందుకే ఓ సెకండ్ హ్యాండ్ కారు కోసం మూడు నెలలుగా కాళ్లు అరిగేలా తిరుగుతున్నాను. అప్పటికి నాలుగు చూశాను. నాలుగూ మేడిపండ్లే.

ఐదోది బెల్లం మార్కెట్ వెనక వీధిలో ఒక రిటైరైన మేష్టారిది. ఈసారి ఆవిడా వస్తానంది. మెకానిక్‌ని కె. కోటపాడు నుంచి పిలిపించాను. వరస లేకపోయినా నన్ను బావా అంటాడు, నేనూ అంటాను. వాడికో పద్ధతుంది. అమ్మేవాళ్ల గుమ్మంలో నిలబడి వాళ్ల బండిని చచ్చినా తప్పుపట్టడు. బాగుంటే వాళ్లిచ్చిన టీ తాగుతాడు, లేకపోతే తాగడు. తాగి తప్పుపడితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టట.

"నా దగ్గరికొచ్చాక చుక్క నీరు తగలనివ్వలేదండీ," అన్నారు మేష్టారు.

ఇంజిను స్టార్ట్ చేసి, ఏసీ వేసి, మా ఆవిణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టాం. చప్పుడు నా చెవికి బాగానే ఉంది. నా చెవి మాట ఎవరిక్కావాలి! మెకానిక్ బానెట్ ఎత్తి చూశాడు, కిందికి దూరి చూశాడు. చివరికి డ్రైవరు సీటు బెల్టుని ఆఖరిదాకా లాగాడు. ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే ఆ చివరి జానెడు ముక్క నిండా ఎండిన బురద. ఎక్కడో వరదలో మునిగిన కారు. ఏమీ ఎరగనట్టు బెల్టు మెల్లగా వదిలేశాడు.

మేష్టారి భార్య టీ తెచ్చారు. నేను తీసుకున్నాను.

"ఇప్పుడే తాగేనమ్మా," అన్నాడు వాడు.

ఒళ్లు మండింది. వాణ్ణి గేటు దగ్గరికి లాక్కెళ్లి బతిమాలాను.

"తాగు బావా. బురదేగా, కడిగితే పోదేటి? ఇంక తిరగలేను."

"బురద కడగొచ్చు బావా, వైర్లు కడగలేం కదా. హైవే మీద ఆగిపోతే అక్కనేటి సేత్తావు?"

వాడు అబద్ధమాడి ఉంటే బాగుండుననుకున్నాను. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది, కానీ అనుకున్నాను. మేష్టారితో "ఇంటికెళ్లి కబురు చేస్తామండీ" అని కారు దగ్గరికి నడిచాను.

ఆవిడ సీటు వెనక్కి వాల్చుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. బస్సులో ఒక్కనాడూ అలా నిద్రపోగా చూడలేదు. కాసేపు అలాగే నిలబడి, ఇక తప్పక భుజం తట్టాను.

కళ్లు తెరవకుండానే, "ఇల్లొచ్చీసిందా?" అంది.