మేకుకి మిగిలిపోయిన తువ్వాలు

మొన్న కరెంటు ఉన్న కాసేపట్లో మా మనవరాలు ఫోనులో ఏదో చదువుతూ, అమెరికాలో చోక్టా అనే జనం ఉన్నారనీ, పూర్వం వాళ్లకి జైళ్లు లేవనీ, గుర్రాల మీద తిరిగే వాళ్ల మనుషులే పోలీసులనీ, శిక్ష పడ్డవాణ్ణి కట్టకుండా ఇంటికి పంపేస్తే, చావుశిక్షయినా సరే, చెప్పిన రోజుకి తనంతట తానే నడిచొచ్చేవాడనీ చెప్పింది.

"నిజంగా వచ్చేవోడా అమ్మమ్మా? నేనైతే బస్సెక్కి పారిపోదును" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా చూపు గోడ మేకుకున్న మా తమ్ముడి తువ్వాలు మీదికి పోయింది.

మన వయసువాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఈ పరాయి దేశంలో, మన తాకేటా పేటలో, మన తెలుగువాళ్ల గొడవలు ఠాణా దాకా వెళ్లేవి కావు. కులపెద్ద తీర్పు చెబితే, దాన్ని జరిపించే బంట్రోతు మా ఆయన. చేతిలో బెత్తం ఉండేదే గాని ఎవరినైనా కొట్టగా నేను చూడలేదు. తప్పు చేసినవాడు భుజం మీది తువ్వాలు తీసి ఆయన చేతికిచ్చి ఇంటికి పోయేవాడు, అది మా మేకుకి వేలాడేది, శిక్ష అయ్యాక వచ్చి పట్టుకుపోయేవాడు. తువ్వాలిచ్చినవాడికి కాపలా పెట్టకూడదు. రాకపోతే అతని ఇంటివాళ్లలో ఒకరు ఆ శిక్ష మీద వేసుకోవాలి. వాళ్లు చెయ్యి పెట్టారా, ఇక అతను మాట తప్పినవాడే, తువ్వాలు తిరిగి రాదు.

మా తమ్ముడు వాగవతల లత అనే పేటలో మూటలు మోసేవాడు, కోపిష్టి. ఒకసారి కుళాయి దగ్గర తగువులో మనవాళ్లలోనే ఒకతని చెయ్యి విరిచాడు. అమ్మవారి పండగ భోజనాల్లో మొదటి బంతి లేవగానే అందరి ఎంగిలాకులూ ఎత్తాలని తీర్పయింది. తువ్వాలు ఇస్తూ కూడా వాడికి వేళాకోళమే.

"బావా, జాగర్త. దీంతో నీ సెమట తుడుసుకోకు, నానొచ్చి తీసుకుంతాను."

"ఎంగిలాకులెత్తడానికి ఇంత టెక్కేటిరా?" అని ఆయనా నవ్వారు.

ఏటా ఘటాలు ఊరేగి వచ్చాకే, పొద్దు వాలేవేళకి బంతి వేసేవారు. ఆ ఏడు మబ్బు కమ్మిందని, వాన పడితే వంటలన్నీ పాడవుతాయని, కులపెద్ద మధ్యాహ్నమే ఆకులు వేయించేశాడు. వాగవతల లతలో ఉన్నవాడికి కబురంపాలని వండుతున్న నాకు గాని, వడ్డించేవాళ్లకి గాని, ఎవ్వరికీ తోచలేదు. బంతి లేచింది. అందరి కళ్లూ గుమ్మం వైపే.

"ఏటి, బంట్రోతు బావమరిదికి వేరే నాయమేటి?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

కాసేపు చూద్దామని కులపెద్ద అంటున్నా వినకుండా, మా ఆయన బెత్తం గోడకి ఆనించి, పంచె ఎగగట్టి, వంగి మొదటి ఆకు ఎత్తారు. అన్నం గంప పట్టుకుని నిలబడ్డ నాకు, నా పుట్టింటి పరువు నిలబెట్టాడు కదా నా మొగుడని గుండె పొంగిపోయింది. ఆ పొంగే ఇప్పుడు నన్ను లోపల్నించి తింటోంది.

రెండో బంతి కూర్చుంటుండగా తమ్ముడు వచ్చాడు. తలంటుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, పెళ్లికొచ్చినట్టు వచ్చాడు. బావ చేతిలో ఎంగిలాకులు చూశాడు.

"ఇంకా యేళ అవనేదు కదా బావా" అన్నాడు, అంతే.

వాడు మాట తప్పలేదని అక్కడున్న అందరికీ తెలుసు. కట్టుబాటు వెనక్కి తీసుకోవడమే ఎవరికీ తెలీదు.

ఆ తరవాత వాడు దూరంగా సంచౌంగ్ పేటకి మారిపోయాడు, నా గుమ్మం తొక్కలేదు. ఒక వానాకాలం మా ఆయన కట్టుబాటు పక్కనపెట్టి, తువ్వాలు ఉతికించి పట్టుకెళ్లారు. వాడు కూర్చోబెట్టి టీ పోశాడట, మా ఆరోగ్యాలు అడిగాడట, తువ్వాలు మాత్రం ముట్టుకోలేదట.

"మాట పోయినోడికి తువ్వాలేటి బావా" అన్నాడట.

ఆ రోజు నుంచి ఆయన బెత్తం పట్టలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. తువ్వాలు నా దగ్గరుంది, దులిపినప్పుడల్లా వాడి మొహం కనపడుతుంది.

ఆ చోక్టా వాళ్లు, రావలసినవాడు ఇంకా రాకపోతే ఎంతసేపు ఎదురుచూస్తూ కూర్చునేవారో చూడమని మనవరాలిని అడిగాను. ఫోనంతా వెతికి, లేదంది. ఇప్పుడు మా వీధిలో ప్రతి గుమ్మానికీ కెమెరాయే, తగువొస్తే వీడియో చూపిస్తారు, ఎవరి మాటా ఎవరూ అడగరు. మనిషిని నమ్మి పంపడం పోయిందని మనవాళ్లు బాధపడుతుంటే నేనూ తలూపుతాను. కాని నమ్మి పంపడం వరకే మాకు వచ్చు. నమ్మి ఆగడం మాకు అప్పుడూ రాలేదు.